ఆటలోని ఆకాశయుద్ధము

అనుకరణము మానవునకు సహజగుణము. పసిపాప మట్టితో వంటచేసి బొమ్మలకు వడ్డించును. బాలుడు తాటిమట్టను కత్తిగా బట్టి తాను రాజునని పలుకును. పెద్దలును ఈ గుణమును విడిచినవారు కారు. 1757వ సంవత్సరము జనవరి 24వ తేదీన బొబ్బిలికోట కడ జరిగిన ఘోరసంగ్రామమును మన విజయనగరము, శ్రీకాకుళము ప్రాంతములలో కథకులు తరతరములుగా గానము చేయుచు వచ్చిరి. కథకుని యెదుట కోట లేదు, ఫిరంగి లేదు, అతని చేతిలో నున్నది తంబుర మాత్రమే. అయినను తాండ్ర పాపారాయని రోషమును పాడునపుడు వినువారి మేను గగుర్పొడుచును. కోటలోని స్త్రీల మరణమును పాడునపుడు వారి కన్నులు చెమర్చును. మాటతోడనే యుద్ధమును కన్నులకు గట్టించు ఆ కథలో నిజమెంత? అసలు అనుకరణములో నిజమనగా నేమి? ఈ ప్రశ్న మిక్కిలి పాతది. నేడది క్రొత్త వేషము ధరించి మన యిండ్లలోనికి వచ్చినది.

ఆ క్రొత్త వేషమే కంప్యూటరుపై ఆడెడి విమానయుద్ధపు ఆట. తెరపై ఆకాశము, మేఘములు, క్రింద పొలములు, నదులు కనిపించును. ఆడువాని చేతిలో జాయ్‌స్టిక్కు అనబడు చిన్న కఱ్ఱ యుండును. దానిని వెనుకకు లాగిన విమానము ముక్కు పైకెత్తును. ప్రక్కకు వంచిన విమానము ప్రక్కకొఱగును. ఎదుట శత్రువిమానము. ఇట్టి ఆటలను సిమ్యులేటరులందురు. నిజమైన దానివలెనే నడచునట్టిదని ఆ మాటకు భావము. “ఈ ఆట అచ్చముగ నిజమైన విమానమువలె నున్నది” యని బాలురు సంతోషముతో చెప్పుకొందురు. ఆ మాట ఎంతవఱకు సత్యమో, ఎచ్చట సత్యము కాదో విచారించుట ఈ పాఠము యొక్క ఉద్దేశము.

మొదట దీని పుట్టుక నెఱుగవలెను. అమెరికాలోని బింగ్‌హాంటను నగరమున ఎడ్విన్ లింకు అను యువకుడుండెను. అతని తండ్రికి ఆర్గన్ వాద్యములను, పియానోలను తయారుచేయు కర్మాగారము కలదు. ఎడ్విన్‌కు విమానము నడపవలెనని మిక్కిలి కోరిక. కాని నేర్చుకొనుటకు చాల ధనము వ్యయమగుచుండెను. నేలమీదనే విమానవిద్య నభ్యసించు ఉపాయము లేదా యని అతడు యోచించెను. ఆర్గన్ వాద్యమునకు గాలినూదు తిత్తులను తీసికొని, వానిపై చిన్న పెట్టెవంటి విమానము నమర్చెను. లోపల కూర్చుండినవాడు కఱ్ఱను కదల్చిన యెడల తిత్తులలోనికి గాలి చేరియు, వెడలియు, ఆ పెట్టె నిజమైన విమానమువలె ఒఱగుచు లేచుచు నుండెడిది. ఇది 1929వ సంవత్సరము నాటి మాట. మన కమ్మరికొలిమిలోని తిత్తి నెఱిగినవారికి ఈ యంత్రము నర్థము చేసికొనుట కష్టము కాదు.

ఇందొక వింత కలదు. విమానవిద్యాలయములవారు మొదట ఈ యంత్రము నంతగా ఆదరింపలేదు. వినోదశాలలవారు దానిని కొని, నాణెము వేసిన పిల్లల నందు కూర్చుండబెట్టి ఆడించిరి. కావున ఆటయు శిక్షణయు ఒక తల్లి బిడ్డలే యని చెప్పవచ్చును. 1934లో అమెరికా సైన్యపు విమానములకు తపాలా సంచులను మోయుపని యప్పగింపబడెను. మంచులోను, చీకటిలోను దారి తెలియక పలువురు చోదకులు మరణించిరి. అప్పుడు సైనికాధికారులు లింకు యంత్రమును పరీక్షింపగోరిరి. ఆనాడు దట్టమైన పొగమంచు క్రమ్మియుండుటచే లింకు రాజాలడని వారు తలచుచుండగా, అతడు పరికరములను మాత్రమే చూచుకొనుచు విమానమును నడపి సురక్షితముగ వచ్చి దిగెను. సైన్యమువారు వెంటనే ఆఱు యంత్రములను కొనిరి. రెండవ ప్రపంచయుద్ధకాలమున ఐదులక్షలకు పైగా వైమానికులు ఆ నీలపు పెట్టెలలో కూర్చుండియే తొలిపాఠములను నేర్చిరి. నేడును ప్రయాణికుల విమానములను నడపువారు నియమితకాలమున సిమ్యులేటరులలో పరీక్ష నీయవలసియే యున్నది. ఇంజను చెడుట, నిప్పంటుకొనుట మొదలగు ఆపదలను నిజవిమానములో కల్పించి నేర్పరాదు గదా! నేలమీది యంత్రమున నేర్పవచ్చును.

కాలక్రమమున తిత్తులకు బదులు కంప్యూటరులు వచ్చినవి. బ్రూస్ ఆర్ట్‌విక్ అను ఇంజనీరు 1979, 80 సంవత్సరముల ప్రాంతమున ఇంటి కంప్యూటరుపై నడచు తొలి విమానపు ఆటలలో నొకదానిని రచించెను. అందలి కొండలును నేలయు కొన్ని గీతలు మాత్రమే. కాని ఆ గీతల ఆటలోనే మొదటి ప్రపంచయుద్ధపు విమానమెక్కి శత్రువులతో పోరాడు అవకాశముండెను. 2001లో వెలువడిన ‘ఐ.యల్-2 స్టర్మోవిక్’ అను రష్యను ఆటనాటికి నేల, నీరు, ఎండ, నీడ అన్నియు చిత్రములవలె నగపడసాగెను. ముప్పదియాఱు వేలకు పైగా నిర్మింపబడిన సోవియట్ యుద్ధవిమానము పేరే ఆ ఆటకు పెట్టిరి. ఆ తరువాత వచ్చిన కొన్ని ఆటలలో ఇంజనును ప్రారంభించుటకే పదుల కొలది మీటలను వరుస తప్పక నొక్కవలసి యుండును.

కాని చిత్రము చక్కగా నున్నంత మాత్రమున అనుకరణము నిజము కాదు. విమానము విమానమువలె నడువవలెను. అది యెట్లు సాధ్యమగునో చూతము.

ఎగురు విమానముపై నాలుగు బలములు పనిచేయును. బరువు క్రిందికి లాగును. ఱెక్కలపై గాలి పైకెత్తును. ఇంజను ముందుకు త్రోయును. గాలి వెనుకకు లాగును. గాలిపట మెగురవేసిన ప్రతి బాలునకును ఇందు మూడు బలములు అనుభవములోనివే. ఇంజను చేయు పనిని అచ్చట దారము చేయుచున్నది. కంప్యూటరు ప్రతి సెకనునందును పలుమార్లు ఈ బలములను లెక్కకట్టి, విమానము మఱుక్షణమున ఎచ్చట నుండవలెనో నిర్ణయించును. వేగము రెట్టింపైన యెడల పైకెత్తు బలము రెండు రెట్లు గాక నాలుగు రెట్లగును. ఎత్తు పెరిగినకొలది గాలి పలుచనై ఆ బలము తగ్గును. ఱెక్క గాలికెదురుగా కొంతవఱకు ఎత్తబడినచో పైకెత్తు బలము పెరుగును. సుమారు పదునైదు డిగ్రీలు దాటినచో గాలి ఱెక్కను విడిచిపోయి, విమానము బండరాయివలె పడిపోవును. దీనినే ‘స్టాల్’ అందురు.

ఇందొక సూక్ష్మము కలదు. విమానము అఱువది డిగ్రీలు ప్రక్కకొఱగి, ఎత్తు తగ్గకుండ మలుపు తిరిగినచో అందలి ప్రతి వస్తువును రెండింతలు బరువగును. నలువది కిలోల బాలుడు ఎనుబది కిలోల బరువుతో ఆసనమున కదుముకొనిపోవును. విమానమును రెండింతలు బరువైనందున, ఊరక పోవునపుడు గంటకు 100 కిలోమీటర్ల వేగమున స్టాల్ అగు విమానము, ఆ మలుపులో 141 కిలోమీటర్లకే స్టాల్ అగును. శత్రువును వెన్నంటుచు తొందరపడి బిగువుగ మలుపు తిప్పినవాడు గుండు తగులకయే నేలగూలునని దీని భావము. మంచి ఆట ఈ సూత్రమును పాటించును. నాసిరకపు ఆట పాటింపదు; అందు విమానము ఎట్లు తిప్పినను తిరుగును. ఆడువానికి సంతోషము, కాని అతడు నేర్చినది అబద్ధము.

గాలి విషయమును అట్టిదే. 2018 అక్టోబరు 11వ తేదీన తిత్లీ తుపాను మన ఉద్దానమును తాకినపుడు జీడిమామిడి తోటలును, కొబ్బరి తోటలును నేలగూలుట చూచినవారికి గాలి యొకే తీరున వీచునది కాదని చెప్పనక్కఱలేదు. అది విసరును, ఆగును, మఱల విసరును. విమానము దిగు వేళ ఇట్టి గాలివిసురు చోదకుని నైపుణ్యమును పరీక్షించును. ఇటువంటి ఒడుదుడుకు గాలిని లెక్కలోనికి దీసికొను ఆటయే యథార్థమునకు దగ్గరగా నుండును.

యథార్థత యనునది లోపములను సయితము చూపుట యని తెలిసికొనవలెను. ఇందుకు చక్కని యుదాహరణము బ్రిటిషువారి స్పిట్‌ఫైరు విమానము. 1940లో జూలై మొదలు అక్టోబరు వఱకు ఇంగ్లండు గగనతలమున జరిగిన మహాయుద్ధమున అది ప్రసిద్ధి కెక్కెను. దాని మెర్లిన్ ఇంజనుకు చమురు కార్బురేటరు ద్వారా అందుచుండెను. విమానము ముక్కును హఠాత్తుగ క్రిందికి వంచినచో చమురు పైకెగసి, ఇంజను క్షణకాలము ఆగిపోయెడిది. జర్మనుల మెస్సర్‌ష్మిట్ విమానములో చమురును నేరుగా ఇంజనులోనికి చిమ్ము ఏర్పాటుండుటచే ఆ బాధ లేదు. కావున జర్మను చోదకుడు ముక్కువంచి క్రిందికి దుమికి తప్పించుకొనెడివాడు. బ్రిటిషు చోదకుడు విమానమును తలక్రిందులుగ త్రిప్పి పిమ్మట వెంబడింపవలసి వచ్చెడిది. 1941లో బియట్రిస్ షిల్లింగ్ అను మహిళా ఇంజనీరు, నడుమ చిన్న రంధ్రముగల లోహపు బిళ్ళను చమురు దారిలో నమర్చి ఈ లోపమును చాలవఱకు సవరించెను. బిళ్ళ చిన్నదే, ఫలము పెద్దది.

మంచి ఆటలో 1940 నాటి స్పిట్‌ఫైరు నెక్కి కఱ్ఱను ముందుకు త్రోసిన బాలునకు ఇంజను ఆగిపోవును. “ఈ ఆట చెడిపోయినది” యని అతడు విసుగుకొనును. చెడినది ఆట కాదు. ఆనాటి నిజము అట్లుండెను. ఆ విసుగునుండి “ఎందువలన?” అను ప్రశ్న పుట్టినచో అతడు చరిత్రయును, యంత్రశాస్త్రమును ఒక్కమాఱే నేర్చినవాడగును.

గుండ్ల సంగతియు నిట్టిదే. తొలినాటి స్పిట్‌ఫైరు ఱెక్కలలో ఎనిమిది తుపాకులుండెను. ఒక్కొక్కదానికి 300 గుండ్లు. అవి యెడతెగక కాల్చినచో సుమారు పదునైదు సెకనులలో అన్నియు ఖాళీయగును. గంటసేపు ఎగిరిన చోదకునకు పోరాడుటకు గల కాలము పదునైదు సెకనులు! అట్లే లండను వఱకు వచ్చిన మెస్సర్‌ష్మిట్ విమానము చమురు చాలక కొలది నిమిషములలోనే తిరుగుముఖము పట్టవలసి వచ్చెడిది. పెక్కు ఆటలలో గుండ్లు తరుగకుండునట్లును, చమురు తరుగకుండునట్లును, విమానము స్టాల్ కాకుండునట్లును మార్చుకొను మీటలుండును. క్రొత్తగా నేర్చువారికి అవి యూతకఱ్ఱలు. ఊతకఱ్ఱతో నడచుటలో తప్పులేదు. కాని అదియే పరుగుపందెమని భ్రమింపరాదు.

ఇంతవఱకు చెప్పినది యంత్రమునకు సంబంధించిన నిజము. చరిత్రకు సంబంధించిన నిజమును కలదు. ఆటను రచించువారు పాత పటములను, ఛాయాచిత్రములను, దళముల పత్రములను వెదకి, విమానములపై పూసిన రంగులను, వ్రాసిన అక్షరములను సయితము యథాతథముగ చిత్రింతురు. ఇందు తెలుగువారికి ఆసక్తి కలిగించు విషయమొకటి కలదు. 1940 నాటి ఆ యుద్ధమున ఇంగ్లండు దక్షిణతీరమందలి వార్మ్‌వెల్ నుండి పోరాడిన 152వ స్పిట్‌ఫైరు దళమునకు ‘హైదరాబాదు’ దళమని పేరు. నిజాము ప్రభువు ఇచ్చిన విరాళమునకు గుర్తుగా ఆ పేరు వచ్చినది. ఆ దళము చిహ్నమున నిజాము శిరోవేష్టనము చిత్రింపబడినది. అంతకు పూర్వము 1918లోనే నిజాము ద్రవ్యముతో కొన్న విమానములతో 110వ దళమును ‘హైదరాబాదు’ పేరు దాల్చెను. 152వ దళపు విమానముల ప్రక్కను ‘యు’, ‘ఎమ్’ అను రెండు ఆంగ్లాక్షరములుండెడివి. ఆటలో ఆ యక్షరములుగల విమానము కనబడినచో, ఆ ఱెక్కలకు పెట్టిన ధనములో మన దక్కను రైతు చెల్లించిన శిస్తును కలదని తలంపవచ్చును. ఆ దళము 1943 చివర తూర్పునకు వచ్చి బర్మా రంగమునను పోరాడెను. హైదరాబాదున 1923లో జన్మించిన ఇద్రిస్ హసన్ లతీఫ్ ఆ యుద్ధకాలముననే వైమానికుడై, కాలాంతరమున 1978 మొదలు 1981 వఱకు భారత వైమానికదళమునకు అధిపతిగా నుండెను.

ఇంత నిజమును చూపగల ఆట చూపలేనిదేమి? మొదటిది శరీరబాధ. బలమైన మలుపులో దేహము నాలుగైదు రెట్లు బరువై, రక్తము తలనుండి దిగిపోయి, కన్నులు చీకట్లు క్రమ్మును. ఆట తెరను నల్లగా చేయును; అంతే. ఏడున్నర వేల మీటర్ల ఎత్తున చలి సున్నకు ముప్పది డిగ్రీలకు మించి దిగువనుండును. ప్రాణవాయువు గొట్టము జారినచో స్మృతి తప్పును. ఆడువాడు మాత్రము తన గదిలో జంతికలు నమలుచు హాయిగ కూర్చుండును. రెండవది కాలము. నిజమైన యుద్ధములో నిరీక్షణము పెద్దది, పోరాటము చిన్నది. తెల్లవారుజాము మొదలు పిలుపునకై కడుపులో దిగులుతో కాచుకొనియుండుటను ఏ బాలుడు ఆటగా నాడును? మూడవది, అన్నిటికంటె ముఖ్యమైనది, మరణము. ఆటలో కూలినవాడు మీట నొక్కి మఱల లేచును. 1940 నాటి ఆ నాలుగు నెలల యుద్ధమున మరణించిన బ్రిటిషు పక్షపు యుద్ధవైమానికులు 544 మంది. వారిలో పెక్కుమంది ఇరువదియేండ్ల ప్రాయమువారు. కొందఱు స్పిట్‌ఫైరుపై కొలదిగంటల అనుభవముతోనే పోరునకు బోయినవారు. వారి కెవ్వరికిని మఱల లేచు మీట లేదు.

ఇదియునుగాక, ఆట యంతయు పైనుండి చూచిన దృశ్యము. క్రిందనున్నవారి కథ అందుండదు. ఇది దూరదేశపు మాట కాదు. 1942 ఏప్రిల్ మాసమున జపాను నౌకాదళము బంగాళాఖాతములో ప్రవేశించెను. 5వ తేదీన కొలంబో, 9వ తేదీన త్రింకోమలి విమానదాడులకు గురియయ్యెను. ఆ నడుమ 6వ తేదీ సోమవారమున, అడ్మిరల్ ఒజావా నాయకత్వమున వచ్చిన ర్యూజో అను విమానవాహకనౌక నుండి లేచిన విమానములు విశాఖపట్టణముపైనను, కాకినాడపైనను బాంబులు వైచెను. ఆ దినములలో ఈ సముద్రమున ఇరువదికి పైగా వాణిజ్యనౌకలు మునిగిపోయెను. నేటి శ్రీకాకుళము, విజయనగరము జిల్లాలు ఆనాడు వేఱుగా లేవు. అవి విశాఖపట్టణము జిల్లాలోని భాగములే. శ్రీకాకుళము జిల్లా 1950లోను, విజయనగరము జిల్లా 1979లోను ఏర్పడినవి. కావున ఆ బాంబులు మన జిల్లాపైననే పడినవి.

ర్యూజో విమానము నుండి చూచినవానికి విశాఖపట్టణము ఎట్లు కనబడి యుండును? నీలిసముద్రము, డాల్ఫిన్స్ నోస్ కొండ, దాని ప్రక్క 1933లో ప్రారంభింపబడిన ఓడరేవు, అగ్గిపెట్టెలవంటి యిండ్లు. ఆటలో కనబడునదియు నంతియే. కాని ఆ అగ్గిపెట్టెలలో మనుష్యులుండిరి. దాడి వార్త వ్యాపించినంతనే పెక్కు కుటుంబములు పట్టణమును విడిచి లోనాటి గ్రామములకు తరలిపోయినవి. ముసలివారిని బండ్లపై నెక్కించి, వంటసామగ్రి మూటగట్టి, ఇండ్లకు తాళములు వైచి పోయినవారికి తిరిగివత్తుమో రామో తెలియదు. ఆంధ్ర విశ్వకళాపరిషత్తు సయితము గుంటూరునకు తరలింపబడెను. దాడిచేసిన ర్యూజో నౌకయు ఎంతోకాలము బ్రదుకలేదు. అదే సంవత్సరము ఆగష్టు 24వ తేదీన పసిఫిక్ మహాసముద్రమున, సోలొమన్ దీవుల కడ, అమెరికనుల విమానదాడిలో మునిగిపోయెను. బాంబులు వైచినవారికిని తల్లిదండ్రులు కలరు గదా!

ఇప్పుడు మొదటి ప్రశ్నకు సమాధానము చెప్పికొనవచ్చును. అనుకరణమున నిజము రెండు విధములు. ఒకటి వస్తువు యొక్క నిజము. రెండవది ఫలము యొక్క నిజము. వస్తువు ఎట్లుండెను, ఎట్లు నడచెను, ఏల చెడెను అనునది మొదటిది. విమానపు ఆట దీనిని ఆశ్చర్యకరముగ చూపగలదు. మన బొబ్బిలి కథకుడు చూపజాలడు. ఆ ఫిరంగి తూకమెంత యని అతని నడిగిన చెప్పలేడు. ఆ పనివలన ఎవరికేమి కలిగెను, ఎవరి యిల్లు ఖాళీయయ్యెను అనునది రెండవది. దానిని కథకుడు తంబుర మీటుచు చూపగలడు, ఆట చూపజాలదు. వీరుని విక్రమమును పాడిన నోటితోనే అతడు కోటలోని పసివారి మృతినిగూడ పాడును. ఆ రెండవభాగమును విడిచినచో అది బొబ్బిలి కథ కాదని వినువారే అందురు.

కావున విద్యార్థులారా! ఇట్టి ఆటలాడుట దోషమని చెప్పుట ఈ పాఠము ఉద్దేశము కాదు. చదువును, నిద్రను, ఆటస్థలమును మ్రింగివేయనంతవఱకు ఆడవచ్చును. అయితే ఆడునపుడు ఊతకఱ్ఱలను ఒక్కొక్కటిగ విడిచి కష్టమైన మార్గమున నాడుడు. విమానము పడిపోయినచో ఏల పడెనో గణితమున వెదకుడు. విమానముపై నున్న గుర్తు ఏ దళముదో, ఆ దళమువారేమైరో చరిత్రగ్రంథమున చూడుడు. వీలైనపుడు విశాఖపట్టణము సముద్రతీరమున 2017లో నెలకొల్పబడిన టి.యు.-142 విమాన ప్రదర్శనశాలకు పోయి రండు. 1988 మొదలు 2017 వఱకు మన నౌకాదళమునకు సేవచేసిన ఆ విమానము ఏబది మీటర్లకు పైగా పొడవుగలది. దాని లోహమును చేతితో తాకినచో తెరపై తెలియని సంగతి తెలియును. ఇంత బరువును మనుష్యులు ఆకాశమున కెత్తిరి. తాము దానిలో కూర్చుండిరి.

పిమ్మట ఆట ముగించి తెర నార్పునపుడు ఒక్క క్షణము నేలవైపు చూడుడు. విమానమునుండి చిన్నవిగా కనబడిన యిండ్లలో ఎవరుండిరో ఆలోచింపుడు. ఆట యియ్యలేని ఆ రెండవ నిజమును ఆడువాడే తన హృదయమునుండి తెచ్చి కలుపుకొనవలెను.